నత్త మేస్టారి కొత్త ప్రాసెసర్

రాజోలులో ఎవరైనా "మేస్టారూ" అని పిలిస్తే అమ్మిరాజుగారు వెంటనే పలకరు. దాని ముందు ఇంకో మాట ఉందేమోనని ఒక్క క్షణం ఆగి చూస్తారు. ఉంటుంది కూడాను. పాతికేళ్లుగా ఆయన ఊరందరికీ 'నత్త మేస్టారు'. పాఠాలు మానేసి కొబ్బరికాయల కొట్టు పెట్టుకున్నా ఆ పేరు ఆయన్ని వదల్లేదు.

అప్పట్లో రాజోలులో కంప్యూటరంటే దేవుడి గదిలో ఉండాల్సిన వస్తువు. అమ్మిరాజుగారు బట్టల కొట్టు మేడ మీద కంప్యూటర్ సెంటర్ పెట్టి, అద్దాల తలుపు, ఏసీ, కింద తివాచీ అమర్చి, చెప్పులు బయట విడవవలెనని బోర్డు రాయించారు. చెప్పులతో లోపలికెళితే వైరస్ పట్టుకుంటుందని పిల్లలు నిజంగానే నమ్మేవారు. మేస్టారు కూడా నమ్మేవారేమోనని నా అనుమానం.

ఇన్ని హంగులూ అయ్యాక డబ్బు చాలక, ఆయన అసలైన చోట పొదుపు చేశారు. అన్నిటికంటే చౌక ప్రాసెసర్ వేయించారు. బటన్ నొక్కి, మెట్లు దిగి, పెసరట్టు తిని, చేతులు కడుక్కుని పైకి వస్తే తెర మీద బొమ్మ సగం వచ్చి ఉండేది.

ఎదుటి మేడ మీద 'రాకెట్ కంప్యూటర్స్' పెట్టిన సాయిదుర్గాప్రసాద్ ఊరుకుంటాడా? "ఆ నత్త మేస్టారి దగ్గర చేరితే మీరు మొదలెట్టిన కోర్సు మీ మనవలు పూర్తి చేస్తారండీ" అని ఊరంతా చెప్పుకొచ్చాడు. తర్వాత ఆ రాకెట్టూ నేలకు దిగి రొయ్యల మేత కొట్టయింది. నత్త మాత్రం అమ్మిరాజుగారి వీపునే అంటుకుని ఉండిపోయింది.

ఇన్నాళ్లకు ఆయనకో అవకాశం దొరికింది. కూతురు భవాని ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. ఇంట్లోంచే పని చేసుకోమని ఒక కంపెనీవాళ్లు అవకాశం ఇచ్చారు. సరిగ్గా అప్పుడే దాని పాత లాప్‌టాప్ కన్నుమూసింది. కొత్త కంప్యూటర్ కొనాలి.

"నాన్నగారూ, నా పనికి ఆరు కోర్ల ప్రాసెసర్ చాలండి. మిగిలిన డబ్బుతో ర్యామ్ ఎక్కువ వేయించుకుందాం" అంది భవాని.

"కోరంటే ఏమిటే?" అంది తల్లి సీతారత్నం, బీరకాయ చెక్కు తీస్తూ. "మా రోజుల్లో ఇవన్నీ లేవు."

"పనివాడనుకో అమ్మా. ఒకే ప్రాసెసర్లో ఆరుగురు పనివాళ్లు. ర్యామంటే వాళ్లు సామాను పరుచుకునే బల్ల."

"మరింకేం? బల్ల ఇరుకైతే ఎంతమందుండి ఏం లాభం? పెళ్లి వంటల్లో చూడ్డం లేదూ, ఒకళ్ల కాలు ఒకళ్లు తొక్కుకుంటారు."

అమ్మిరాజుగారు కుర్చీలోంచి లేచారు. "ఆరుగురేమిటే, అసయ్యంగా! పదహారుమందున్నది వచ్చింది. కొంటే అది కొనాలి."

"పదహారుమందికీ మీరు వండి పెడతారా?"

"నీకు తెలీదు సీతా. ప్రాసెసర్ దగ్గర చౌకబేరం చేస్తే ఏమవుతుందో నాకు తెలిసినట్టు ఈ కోనసీమలో ఇంకెవరికీ తెలీదు."

"తెలుసండీ. ఊరందరికీ తెలుసు" అని సీతారత్నం కొబ్బరి దింపు తీయించగా వచ్చిన డబ్బు చేతిలో పెట్టింది. "ఇంతే. ఆరుగురే. ఏడోవాడు వస్తే గుమ్మంలోంచే పంపించేస్తాను."

అమ్మిరాజుగారు వాదించలేదు. ఆయన వాదించలేదంటే ఏదో పన్నుతున్నారని అర్థం. మర్నాడు పొద్దున్న ఆయన వేలికి ఉంగరం లేదు. పెళ్లిలో మామగారు పెట్టిన ఉంగరమది.

"ఉంగరమేదండీ?"

"వేలు వాచింది సీతా. బిగుసుకుపోతోందని బీరువాలో పెట్టేను."

సీతారత్నం ఆ వేలిని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ పూట నుంచి వాపు తగ్గాలని ఆయన కూరలో ఉప్పు మానేసింది.

ఆ చప్పిడి కూర తిని, ఉంగరం జేబులో వేసుకుని, ఆయన అమలాపురం బస్సెక్కారు. బోడసకుర్రు వంతెన మీద గాలి తగిలేసరికి ఒంట్లో పాతికేళ్ల కుర్రాడు లేచి కూర్చున్నాడు. అమలాపురంలో కంప్యూటర్ల కొట్టు నడిపే కనకరాజు ఆయన పాత శిష్యుడే. సీతారత్నంతో కలిసి ఒకే బ్యాచ్‌లో చదివినవాడు.

"ఒరే కనకరాజూ, లోపల పదహారు కోర్లది పెట్టు. పైన మాత్రం ఆరు కోర్ల స్టిక్కరు అంటించు. తక్కువైన డబ్బుకి ఈ ఉంగరం అమ్మిపెట్టు."

"అక్కగారికి తెలిస్తే నా వీపు చీరేస్తారండీ మేస్టారూ!"

"తెలీకూడదనే కదరా నీ దగ్గరికొచ్చింది."

కనకరాజు ఉంగరాన్ని చూశాడు, మేస్టారిని చూశాడు. "ఆయ్, అలాగేనండి. మీరలా టిఫిన్ చేసి రండి. ఈలోపు బిగించేస్తాను" అన్నాడు, మరీ వినయంగా.

అమ్మిరాజుగారు పెసరట్టు తిని, ఉప్పు ఎక్కడ దొరుకుతుందో అక్కడంతా తిని వచ్చేసరికి కంప్యూటర్ తయారు. పెద్ద ప్రాసెసర్ డబ్బాని మాత్రం కనకరాజు చక్కగా టేపు వేసి చేతికిచ్చాడు. "గుర్తుగా దాచుకోండి మేస్టారూ. తెరిస్తే అందం పోద్ది." ఆయన దాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చి, అటక మీద ఇత్తడి గంగాళం వెనక దాచారు.

ఇంట్లో కంప్యూటర్ బటన్ నొక్కారో లేదో తెర వెలిగింది. అమ్మిరాజుగారి కళ్లు చెమర్చాయి. "అదీ! ప్రాసెసరంటే అదీ!"

"చిన్నదే కదండీ" అంది సీతారత్నం.

"చిన్నదే, చిన్నదే... చిన్నదైనా గట్టిది."

అప్పట్నుంచి ఆయన రోజూ ఏదో వంకన అటకెక్కి, ఆ డబ్బాని చూసుకుని దిగేవారు. "మీకీ మధ్య నాకంటే అటక మీద ప్రేమ ఎక్కువైందండీ" అని సీతారత్నం నిచ్చెన పట్టుకునేది.

అంతటితో ఆగితే అమ్మిరాజుగారు ఎందుకవుతారు? టీ కొట్టు దగ్గర సాయిదుర్గాప్రసాద్ 'నత్త మేస్టారూ' అనేసరికి నోరు జారారు. "పదహారు కోర్లయ్యా! జిల్లాలో ఎవడింట్లో ఉందో చెప్పు!"

"ఆయ్! అయితే చూసి తీరాలండి" అన్నాడు ప్రసాద్. ఆదివారం రొయ్యల సంచితో దిగాడు. గుమ్మంలో ఆగి, చెప్పులు విడిచి, కంప్యూటరున్న గదిలోకి వచ్చాడు. ఆ చెప్పులు చూసి అమ్మిరాజుగారికి ఒక్కసారి పాత సెంటర్ గుమ్మం గుర్తొచ్చింది.

"ప్రాసెసర్ పేరు తెర మీదే కనిపిస్తుంది కదండీ, చూపించండి" అన్నాడు ప్రసాద్. సరిగ్గా అప్పుడే సీతారత్నం కాఫీ పట్టుకొచ్చింది.

పదహారని చూపిస్తే ప్రసాద్ ముందు గెలుపు, పెళ్లాం ముందు చావు. అమ్మిరాజుగారు తెరకి అడ్డంగా నిలబడి తువ్వాలు చాపారు. "కరెంటు పోయేలా ఉంది. ముందా రొయ్యలు ఒలవాలి, పాడైపోతాయి."

"చూడనివ్వండి, పాపం అన్నయ్యగారు ముచ్చటపడుతున్నారు" అంది సీతారత్నం. భవాని రెండు మీటలు నొక్కింది.

ఆరు కోర్లు.

అమ్మిరాజుగారి నోరు తెరుచుకున్నది మూతపడలేదు. మోసం అని అరవాలి. అరిస్తే మోసం చేసిందెవరో బయటపడుతుంది.

ప్రసాద్ కాఫీ ఒలకబోసుకుని నవ్వాడు. "పదహారన్నారు! మిగతా పదిమందీ సెలవు పెట్టేరాండీ నత్త మేస్టారూ?"

"పదహారేమిటండీ అన్నయ్యగారూ?" అంది సీతారత్నం అమాయకంగా.

"రొయ్యలు!" అని కేకేశారు అమ్మిరాజుగారు. "సంచిలో పదహారు రొయ్యలున్నాయని!"

ప్రసాద్ నవ్వుకుంటూ వీధి చివరిదాకా వెళ్లాక ఆయన చొక్కా తొడుక్కున్నారు, కనకరాజు అంతు చూడ్డానికి.

"ఎక్కడికండీ?"

"వేలికి మందు తెచ్చుకోడానికి."

"మందు అటక మీదుంది. గంగాళం వెనక డబ్బా దింపండి."

ఆయన నిచ్చెనెక్కి దింపారు. తెరవమంది. టేపు ఊడదీస్తే, దూదిలో మామగారి ఉంగరం.

"మీరు పెసరట్టుకి దిగగానే కనకరాజు ఫోన్ చేసేడు. ఆరు కోర్లదే బిగించి, ఉంగరం డబ్బాలో పెట్టి మీ చేతికే ఇమ్మన్నాను. మీరే జాగ్రత్తగా మోసుకొచ్చేరు."

"మరి ఆ స్పీడు?"

"బల్ల పెద్దది నాన్నగారూ" అంది భవాని.

అమ్మిరాజుగారు కుర్చీలో కూలబడ్డారు. ఈసారి గొంతులో వేషం లేదు. "నీకు నవ్వులాటగా ఉంది సీతా. పాతికేళ్లు నత్తన్నారు. ఒక్కసారి, ఈ ఊళ్లో ఒక్కసారి అందరికంటే గొప్పది నా ఇంట్లో ఉండాలనుకున్నాను."

సీతారత్నం నవ్వు ఆపేసింది. పక్కన కూర్చుని, ఆయన వేలికి ఉంగరం తొడిగింది.

"నేను ముందు రాకెట్‌లోనే చేరేను, మీకు తెలీదు. నొక్కడం, రావడం, ఇంటికెళ్లిపోవడం. నాలుగు రోజులకే విసుగొచ్చింది. మీ దగ్గరికొస్తే, ఆ బొమ్మ వచ్చేదాకా మీరు పక్కన నిలబడి ఏదో ఒకటి చెప్పేవారు. అంతర్వేది తీర్థంలో తప్పిపోయి ఎవరి పడవలోనో నిద్రపోయిన కథ చెప్పేరు, గుర్తుందా? అది అయ్యేసరికి బొమ్మ వచ్చింది. ఆ బొమ్మ వచ్చిందని నాకెంత కోపమొచ్చిందో!"

అమ్మిరాజుగారు కుర్చీ ఆమె వైపు జరుపుకున్నారు.

"మా నాన్న మూడు నెలల కోర్సుకి పంపితే ఏడాది వచ్చేను. ఆ మిషను గబగబా పనిచేసుంటే సర్టిఫికెట్ పట్టుకుని ఎప్పుడో వెళ్లిపోయేదాన్ని. ఈ ఉంగరం ఇంకెవరి వేలికో ఉండేది."

"అంటే... ఆ చౌక ప్రాసెసర్ కొని మంచి పనే చేసేనంటావు?"

"మీరు మీ ఇష్టప్రకారం కొన్నవాటిలో మంచిది అదొక్కటే. అందుకే ఇంకెప్పుడూ కొననివ్వలేదు."

ఆయన కళ్లు తుడుచుకుని అడిగారు. "రేపట్నుంచి కూరలో ఉప్పు వేస్తావా?"

"వాపు తగ్గిందా?"

"తగ్గింది."

సాయంత్రం వీధి అరుగు మీద కూర్చుని ఉంగరం తిప్పుకుంటుంటే, బండి మీద వెళ్తున్న ప్రసాద్ కేకేశాడు. "ఏమండోయ్, నత్త మేస్టారూ!"

"ఆయ్!" అన్నారు అమ్మిరాజుగారు, ఒక్క క్షణం కూడా ఆగకుండా.