అత్తయ్య స్టాండుకి పందొమ్మిది పూతలు

నా చేతులకి అంటిన పచ్చ రంగు చూసి నవ్వుతున్నారు కదా, నవ్వండి. కానీ ఇప్పుడే నవ్వేయండి. కథ చివరికొచ్చేసరికి మీకు నవ్వు వస్తుందని నేను హామీ ఇవ్వలేను.

మా అత్తయ్య, అంటే మా ఆవిడ వాళ్ళమ్మ, చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసింది. ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు యజమాని ఆవిడ మిషన్ని ఆవిడకే ఇచ్చేశాడు. మిషన్‌తో పాటు అత్తయ్య మా ఇంటికి వచ్చేసింది. వెనక గదిలో గుమ్మానికి ఎదురుగా కూర్చుని చాలా ఏళ్ళు కుట్టింది. తర్వాత మోటారు కాలిపోయింది, మిషన్ తల విరిగింది, ఆఖరికి ఇనుప స్టాండు ఒక్కటి మిగిలింది.

అది మామూలు ఇళ్ళలో ఉండే స్టాండు కాదు. పోత ఇనుము కాళ్ళు, కింద కూర్చునే పీటంత పెడలు. నలుగురు పడితే గాని కదలదు. నా మోకాలికి మాత్రం రోజూ ఎదురొచ్చి పలకరించేది.

అత్తయ్య మంచాన పడింది. ఒక మధ్యాహ్నం మా ఆవిడ మందులకి వెళ్ళింది. ముందు గదిలో అత్తయ్య కునుకు తీస్తోందని రూఢి చేసుకుని, పాత ఇనుము కొట్టాయన్ని పిలిచి స్టాండు ఇచ్చేశాను. బదులుగా ఒక నిచ్చెన పుచ్చుకున్నాను. మా ఇంట్లో ఎక్కడానికి అటక కూడా లేదు. అయినా పుచ్చుకున్నాను.

సాయంత్రం అత్తయ్య అడిగింది. "నా స్టాండు ఏది బాబూ?"

"తుప్పు పట్టింది అత్తయ్యా. రంగు వేయించడానికి పంపాను."

"ఏం రంగు?"

"పచ్చ," అన్నాను. నోటికి అదే వచ్చింది.

"పచ్చ బాగుంటుంది," అని కళ్ళు మూసుకుంది.

అక్కడి నుంచి రోజూ పొద్దున్నే అడిగేది. "ఆరిందా బాబూ?" రెండో పూత వేస్తున్నారనేవాణ్ణి. మబ్బుగా ఉంది, మూడోది ఆరలేదనేవాణ్ణి. పందొమ్మిదో పూత చెప్పిన రోజున అత్తయ్య పోయింది.

మా ఆవిడ వెనక గది తలుపు మూసేసింది. ఆరు నెలలు స్టాండు మాటెత్తలేదు. బతికిపోయాననుకున్నాను. ఒకరోజు గిన్నెలు తుడుస్తూ అడిగింది.

"ఏమండీ, అమ్మ స్టాండుకి రంగు ఇంకా ఆరలేదా?"

"ఆ పెయింటరు కాస్త నిదానస్తుడు."

"ఓడకి వేసినా ఈపాటికి ఆరేది."

"చూస్తాను."

"ఆదివారానికి తెచ్చేయండి. అమ్మదంటూ నాకు మిగిలింది అదొక్కటే."

గట్టిగా కూడా అనలేదు. అప్పుడే నిజం చెప్పేయాల్సింది. చెప్పడానికి ధైర్యం చాలక, అలాంటిదే ఇంకోటి తెచ్చి అత్తయ్యదని నమ్మిద్దామని పథకం వేశాను.

మా వీధి మిషన్ మెకానిక్ జేబులో ఎప్పుడూ నూనెడబ్బా ఉంటుంది. అందరూ ఆయన్ని నూనెడబ్బా అనే పిలుస్తారు. ఆయన్ని వెంటబెట్టుకుని, నిచ్చెన భుజాన వేసుకుని పాత ఇనుము కొట్టుకి వెళ్ళాను.

"ఏ రకం స్టాండు?" అన్నాడు నూనెడబ్బా.

"ఇనుప రకం."

"గుర్తులేమైనా చెప్పండి సార్."

"పెడలు ఒకవైపు అరిగి నున్నగా ఉండేది. కుడివైపు."

కొట్టాయన మూలనున్న పట్టా తీశాడు. కింద ఒక స్టాండు ఉంది. నూనెడబ్బా గుడ్డకి కిరసనాయిలు పెట్టి తుప్పు తుడిచి చూశాడు.

"పోత ఇనుమే, ఫ్యాక్టరీ సరుకే. కానీ పెడలు ఎడమవైపు అరిగింది."

"అయితే అది కాదు. పర్లేదు, సరిచేద్దాం."

కొట్టాయన నావైపు అదోలా చూశాడు. "మీకు అదే కావాలా, అలాంటిది చాలా?"

"అలాంటిది చాలు," అన్నాను. ఆయన నిట్టూర్చి నిచ్చెన వెనక్కి పుచ్చుకున్నాడు.

రెండు రోజులు నూనెడబ్బా షెడ్డులో గడిపాను. ఎడమవైపు గుంటలో ఇనుము రంగు కలిపిన లప్పం నింపాను. కుడివైపు ఆకురాయితో రుద్ది రుద్ది నున్నగా చేశాను. అరచేతులు బొబ్బలెక్కాయి.

"నలభై ఏళ్ళుగా అరిగినవి బాగుచేస్తున్నాను సార్," అన్నాడు నూనెడబ్బా. "బాగున్నదాన్ని అరగదీసినవాళ్ళు మీరొక్కరే."

రంగు వేస్తే నా పనితనం కనపడదని వేయలేదు. ఆదివారం స్టాండుని వెనక గదిలో దింపించి, పచ్చ నప్పలేదని గీకించేశానని చెప్పాను.

మా ఆవిడ కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చుంది. చెప్పులు విడిచి ఎడమ కాలు పెడలు మీద ఆనించింది. లప్పం పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోయింది. కింద పాదమంత నున్నటి గుంట కనిపించింది. ఆవిడ పాదం అందులో సరిగ్గా కూర్చుంది.

"అమ్మకి కుడి మోకాలు వంగేది కాదు. ఎడమ కాలితోనే తొక్కేది."

"నేను రోజూ చూశాను కదా, కుడివైపే."

"మీరు గుమ్మంలో నిలబడి చూసేవారు. మీ కుడి అమ్మకి ఎడమ."

నాకు వెంటనే బోధపడలేదు. బోధపడ్డాక వంగి లప్పం పెళ్ళలు ఏరడం మొదలుపెట్టాను.

"ఇది అమ్మదే," అంది. "మీరు ఇచ్చేసినప్పుడు అమ్మ నిద్రపోలేదు, అంతా విని నాకు చెప్పింది. మర్నాడే నేను కొట్టుకి వెళ్ళి, మీరు వచ్చేదాకా ఎవరికీ ఇవ్వొద్దని చెప్పొచ్చాను."

"మరి నన్ను నిలదీయలేదేం?"

"అమ్మ వద్దంది. అల్లుడు రంగు వేయిస్తానన్నాడు కదా, వేయించి తెస్తాడు చూడు, అంది."

పందొమ్మిది పొద్దులు అత్తయ్య నా నోట నిజం కోసం ఎదురుచూసింది. నేను పూతలు లెక్కపెట్టాను. నేల మీద కూలబడి ఏడ్చాను. ఆవిడ పోయిన రోజున కూడా నేను అంతలా ఏడవలేదు.

మా ఆవిడ పెడలు కుడివైపు వేలితో తడిమింది. "ఈ అరుగుదల ఎవరిది?"

"నాదే. రెండు రోజులు పట్టింది." అరచేతులు చూపించాను.

బొబ్బలు చూసి నవ్వింది. ఆరు నెలల తర్వాత మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"లేవండి. వెళ్ళి పచ్చ రంగు తెండి."

"ఇప్పుడెందుకు?"

"అమ్మకి చెప్పారు కదా. ఆవిడ పాదం ఆనిన చోటు వదిలేసి, మిగతాదంతా వేయండి."

"ఎన్ని పూతలు?" అన్నాను, తెలిసి తెలిసీ.

"మీరు చెప్పినన్ని."

ఇవాళ్టికి ఏడు అయ్యాయి. పొద్దున్నే మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి, "ఆరిందా?" అని అడుగుతుంది. నేను వేలితో ముట్టుకుని చూసి, ఆరితేనే ఆరిందంటాను.