చివరి ఆయకట్టు పాఠకురాలు

పుస్తకం చేతికి దొరికితే చాలు, ఎవరినీ అడక్కుండా మొదటి పేజీ తెరిచి చదువుకుపోయే అరాచక యుగం ఒకటి ఈ దేశంలో చాలాకాలం నడిచింది. రెండు వేల మూడో సంవత్సరం వేసవిలో, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడ మీది ఇంటర్నెట్ సెంటర్లో 'కృష్ణా డెల్టా అంతర్జాల పఠన సంఘం' పుట్టడంతో ఆ యుగం ముగిసింది. ఆ సంఘానికి నేను రెండో సంయుక్త కార్యదర్శిని. (మొదటి సంయుక్త కార్యదర్శి లేరు. ఒక పదవి ఖాళీగా ఉంటే సంఘానికి హుందాగా ఉంటుందన్నారు.)

సంఘం ఆలోచన నిజానికి ఆ సెంటర్ యజమాని కిరీటిది. కిరీటికి పుస్తకాలంటే ప్రాణం. లోకం పోకడ తెలియదు. "ఒక ఈ-గ్రూపు పెట్టుకుందామండీ. నెలకో పుస్తకం అనుకుందాం. ఎవరిళ్లలో వాళ్లం చదువుకుని, ఏమనిపించిందో మెయిల్లో రాసుకుందాం. అంతే," అన్నాడు. ఆ 'అంతే' విని మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. అధ్యక్షుడు లేకుండా, నియమావళి లేకుండా, ప్రారంభోత్సవానికి శాలువాలు లేకుండా పుస్తకం చదవడమేమిటి? ఎవరైనా వింటే నవ్విపోరూ!

అధ్యక్షులుగా రామకోటేశ్వరరావుగారిని ఎన్నుకున్నాం. ఆయన జీవితమంతా కాలవల మీద ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. లాకులు, తూములు, వంతులు తప్ప ఆయనకు వేరే ధ్యాస లేదు. ఆయన ఇంతవరకు ఒక్క నవల కూడా చదవలేదన్న సంగతి ఎన్నికలో ఆయనకు బాగా కలిసొచ్చింది. పక్షపాతం ఉండదు కదా.

ఇక పుస్తకం ఎంపిక. ప్రతిపాదనలు పంపమని సభ్యులందరికీ రాస్తే, ప్రతి ఒక్కరూ తాము రాసిన పుస్తకమే ప్రతిపాదించారు. సొంత పుస్తకం అచ్చేయించి మంచం కింద కట్టలు దాచుకోని చదువరి ఈ జిల్లాలో దొరకడం కష్టం. సొంత పుస్తకాలు ప్రతిపాదించరాదని నియమం పెట్టాం. మర్నాటికి సభ్యుల సంఖ్య సగమైంది. మిగిలిన సగం తమ బావమరుదుల పుస్తకాలు పంపారు. వియ్యం, నెయ్యం, ఒకే వీధిలో కాపురం కూడా అనర్హతలుగా చేర్చాం.

అప్పుడు అసలు చిక్కులు వచ్చాయి. ఎవరైనా ఇదివరకే చదివిన పుస్తకమైతే, వాళ్లు మిగతావాళ్ల కన్నా ముందుంటారు గనుక అది అన్యాయం. ఎవరూ చదవని పుస్తకమైతే, ఎవరూ చదవనిది మనకెందుకు? లావు పుస్తకాలకు తీరిక లేదన్నారు. సన్నవాటికి సంఘం దేనికన్నారు. ఇలా వేసవి గడిచి వానాకాలం వచ్చింది. ఆ ఏడు వాన మాత్రం రాలేదు. కాలవలకు నీళ్లు వంతుల మీద వదులుతున్నారు. పుస్తకం లేకుండానే వార్షికోత్సవం జరుపుకోవచ్చునా అని నియమావళి తిరగేస్తుండగా నాగాయలంక నుంచి ఒక మెయిల్ వచ్చింది.

పంపినావిడ పేరు నాగమల్లేశ్వరి. సముద్రం చేపల వ్యాపారం చేసే కుటుంబం. నాగాయలంక సెంటర్లో ఎస్టీడీ బూత్ నడుపుతోంది. రొయ్యల రేటు చూసుకునే వాళ్ల కోసం బూత్‌లో ఒక కంప్యూటర్ పెట్టింది. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఇలా రాసింది:

"అధ్యక్షులవారికి నమస్కారాలు. నేనూ మా అంకాలమ్మా ఎనిమిదో తరగతిలో ఉండగా మా ఊరి లైబ్రరీలో 'పంటు మీద పెళ్లివారు' అనే నవల కలిసి చదివామండి. పెళ్లివారు ఏరు దాటతా ఉంటే పంటు మధ్యలో ఆగిపోయిద్ది. పెళ్లికూతురు బుల్లెమ్మకి ఆ పెళ్లి ఇష్టమో కాదో ఎవురికీ తెలవదు. ఇవతలి రేవుకి తిరిగొచ్చి పుట్టింట్లో ఉండిపోయిద్దా, అవతల లంక రేవున దిగి అత్తారింటికి పోయిద్దా అన్న కాడికొచ్చేసరికి లైబ్రరీ మూసేశారు. ఇవతలేనని అంకాలమ్మ, అవతలని నేను. పందెం కట్టుకున్నాం. ఆ వారమే ఉప్పెన వచ్చింది. లైబ్రరీ పోయింది. అంకాలమ్మా పోయింది. ఆ పుస్తకం ఎక్కడన్నా దొరికితే అందరం చదువుదామండి. బుల్లెమ్మ ఏ రేవున దిగిందో నాకు తెలియాలండి."

ఇది చదివి నేను కళ్లు తుడుచుకున్నాను. దాచుకోవలసిందేముంది? అధ్యక్షులు కూడా కళ్లజోడు తీసి తుడుచుకుని, తిరిగి పెట్టుకుని, "ఈ పుస్తకం మనలో ఎవరన్నా చదివారా?" అన్నారు. లేదన్నాం. "పోనీ పేరు విన్నారా?" లేదన్నాం. "రాసినాయన ఎవరికన్నా చుట్టమా?" రాసిందెవరో తెలిస్తే కదా!

"అయితే ఇంతకంటే యోగ్యమైన పుస్తకం దొరకదు," అన్నారు. ఏకగ్రీవం.

పుస్తకం దొరకడం దైవికం. సంఘ సభ్యుడు మణికుమార్‌కు ఆటోనగర్లో స్పేర్ పార్టుల షాపుంది. బేరింగులు చుట్టి ఇవ్వడానికి కొన్న పాత కాగితాల కట్టలో అతనికి కనబడింది. అట్టా, రచయిత పేరూ లేవు గాని, ప్రతి పేజీ నెత్తిన నవల పేరుంది. కథ మొదటి నుంచి చివరి దాకా ఉంది. కిరీటి దాన్ని అధ్యాయానికొక ఫైలు చొప్పున స్కాన్ చేశాడు. స్కాన్ చేస్తూ ఒక్క వాక్యం కూడా చదవలేదట. "అందరితో కలిసి మొదలెడతానండీ, ముందే చదివేస్తే ఏం బాగుంటుంది!" అన్నాడు. పని పూర్తయిన సామాను ఎక్కడిదక్కడ అప్పగించాలన్న నియమం ప్రకారం పుస్తకాన్ని ఆటోనగర్ తిప్పి పంపాం. అది రెండు లారీల బేరింగులకు సరిపోయిందని మణికుమార్ సంతోషంగా చెప్పాడు.

కిరీటి మొదటి అధ్యాయం మెయిల్‌కు తగిలించి, "ఇదిగోనండీ, ఈ ఒక్క బటన్ నొక్కితే అందరికీ చేరిపోద్ది," అన్నాడు.

అధ్యక్షులు కుర్చీలోంచి లేచి అతని చెయ్యి పట్టుకున్నారు. "ఆగవయ్యా బాబూ! తలుపులన్నీ ఒక్కసారే ఎత్తేస్తావా? గట్లు నిలవద్దూ?"

"ఇవి నీళ్లు కాదు కదండీ. ఎంతమందికి పంపినా తరగదు."

"తరగనిదైతే పంపిణీ ఎందుకు? పంపిణీయే లేకపోతే సంఘమెందుకు?"

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు గాని, పూజారి ఇబ్బందులు కూడా చూడాలి కదా.

వంతుల పద్ధతి ఆ సాయంత్రమే ఖరారైంది. బెంజ్ సర్కిల్ సెంటర్ హెడ్ రెగ్యులేటర్. కిరీటి లస్కరు, అంటే తలుపులెత్తి దించే మనిషి. (లస్కరుకు సొంత ఆయకట్టు ఉండదు కనుక చదివే వంతు కూడా లేదు.) కార్యవర్గానికి చదవడం నుంచి మినహాయింపు. అధ్యాయం ముందు విజయవాడ సభ్యులకు వెళ్తుంది. వాళ్లు చదువుకుని కంకిపాడుకు ఫార్వర్డ్ చేస్తారు. అక్కడి నుంచి ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ, చిట్టచివర నాగాయలంక. కింది వాళ్లకు వదిలాక ఎవరూ తమ దగ్గర నిల్వ ఉంచుకోరాదు, తుడిచెయ్యాలి. మధ్యలో వాళ్లను దాటించి పంపితే అది గండి కొట్టడం కిందికి వస్తుంది. కిరీటి కంప్యూటర్లోంచి ఫైళ్లను, వదిలినవి వదిలినట్టు, అధ్యక్షులు పక్కన నిలబడి మరీ తీయించారు. విడుదలైన నీళ్లు మళ్లీ పైన కనబడితే లెక్క తేడా వస్తుందట.

ప్రవాహం మొదలైంది. విజయవాడ సభ్యులు మొదటి అధ్యాయం నెలరోజులు అట్టే పెట్టుకున్నారు. ముందు వెనకలు చూసుకోకుండా కిందికి వదిలితే తరవాత తమకు ఇబ్బంది కదా అన్నారు. కంకిపాడులో రైసు మిల్లు జక్కయ్యగారు తమ అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఆహ్వానాన్ని పైన చేర్చి, చోటు చాలక రెండు పేజీలు తీసేశారు. ఉయ్యూరులో కోచింగ్ కాలేజీ లెక్చరర్ సింధూరిగారు ఏటి వర్ణన కత్తిరించారు. అది పరీక్షకు రాదట. పామర్రులో బసవయ్యగారికి మెయిల్ బాక్సు నిండిపోయింది. ఆయన తగిలించిన ఫైలు మొత్తం తీసి, బరువు తగ్గించి, మిగతాది ఎంతో బాధ్యతగా ఫార్వర్డ్ చేశారు. తరవాతి వాళ్లు అందినదాన్ని అందినట్టు వదిలారు. ఏ అధ్యాయానికైనా ఇదే వరస.

నాగాయలంకకు చేరిన సరుకు ఇది: ఓణీల ఫంక్షన్ ఆహ్వానం (ఫంక్షన్ అయిపోయింది), దాని కింద 'చాలా బాగుంది, తప్పక చదవండి' అన్న వాక్యం, దాని కింద ఏమీ లేదు.

నాగమల్లేశ్వరి అధ్యక్షులకు ఫోన్ చేసింది. పక్కనే ఉన్నాను గనుక విన్నాను.

"అయ్యా, మాకింకా కథ రాలేదండీ."

"మా లెక్కలో మీకు అందిందమ్మా. అవనిగడ్డ నుంచి వదిలినట్టు రిపోర్టుంది."

"లెక్కలో ఉంటే నేనెట్టా చదువుకునేదండీ? మెయిల్ తెరిస్తే ఎవురిదో ఓణీల ఫంక్షనే వస్తంది."

"శివారుకి కొంచెం అట్లాగే ఉంటదమ్మా. సర్దుకోవాలి."

"నేను వొకటే అడగతన్నానండీ. బుల్లెమ్మ ఏ రేవున దిగింది? అదొక్కటి చెప్పండి, చాలు."

"వంతు రాకుండా చివరి అధ్యాయం ఎలా వదులుతానమ్మా? రేపు ఇంకొకరు అడుగుతారు."

ఆమె మీద జాలిపడి అధ్యక్షులు మర్నాడే ఒక ప్రకటన చేశారు. శివారు సభ్యులు ఈ సీజన్‌కు నవలల జోలికి పోకుండా సామెతలు, పొడుపుకథల వంటి ఆరుతడి సాహిత్యం చదువుకోవలెను. తక్కువ సరఫరాతో పండుతాయి. (విత్తనం కింద నాలుగు పొడుపుకథలు ఉచితంగా పంపాం. అవి కూడా పామర్రు దాటలేదు.)

చివరి అధ్యాయం కూడా వదిలి, తుడిచేశాక, వార్షికోత్సవం బెంజ్ సర్కిల్ దగ్గరే ఒక ఫంక్షన్ హాల్లో పెట్టాం. సభ్యులందరినీ ఉత్తమ పాఠకులుగా ప్రకటించి తలా ఒక శాలువా కప్పాం. నాగమల్లేశ్వరి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. నలభై దాటిన మనిషి, ఉతికిన నేత చీర, చేతిలో మాకోసం తెచ్చిన ఎండు రొయ్యల పొట్లం. ఆమెకూ శాలువా కప్పాం. అందరూ కూర్చున్నాక ఆమె మాత్రం నిలబడే ఉంది.

"అయ్యా, ఇక్కడ అందరూ చదివినోళ్లే గదా. బుల్లెమ్మ ఏ రేవున దిగిందండీ?"

అందరూ శాలువాలు సర్దుకున్నారు.

"నేను ఫార్వర్డ్ చేశానండీ," అన్నారు జక్కయ్యగారు.

"నేను వచ్చిన రోజే ఫార్వర్డ్ చేశాను," అన్నారు సింధూరిగారు, క్రమశిక్షణలో తనకు సాటి లేదన్నట్టు.

"పేజీలన్నీ ఉన్నాయో లేవో చూశాను గాని ఏముందో చూడలేదండీ," అన్నాడు మణికుమార్.

ఆమె కిరీటి వైపు తిరిగింది. కిరీటి తల పైకెత్తలేదు. "మీ అందరితో కలిసి చదువుదామని ఆగానక్కా," అన్నాడు. పాపం, సంఘం మొత్తానికి చదవాలనుకున్నది వాళ్లిద్దరే.

సంఘం పరువు పోతుందని గ్రహించి అధ్యక్షులు మైకు అందుకున్నారు. "సమస్య వచ్చింది కాబట్టి సభే తేల్చాలి. ఏ రేవన్నది ఓటుకు పెడుతున్నాను."

"ఓటేస్తే ఎట్టాగండీ?" అంది నాగమల్లేశ్వరి. "ఆ పిల్ల దిగేసి ఎన్నేళ్లయిందో! రాసినాయన ఎప్పుడో దింపేశాడు గదండీ."

"ఎవరన్నా చూశారామ్మా?"

"మరి మా అంకాలమ్మకేం చెప్పేదండీ?"

"రెండో పార్టీ లేని పందెం చెల్లదు కదమ్మా," అన్నారు అధ్యక్షులు, చాలా మృదువుగా.

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి రెండు మాటలు అడుగుదామనుకున్నాను. శాలువా కుర్చీ మేకుకు చిక్కుకుంది. ఈలోగా నాగమల్లేశ్వరి తన శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, కుర్చీలో ఉంచి బస్టాండుకు వెళ్లిపోయింది. ఎండు రొయ్యల పొట్లం బల్ల మీదే ఉండిపోయింది. (దాన్ని కార్యవర్గం వంతులవారీగా పంచుకుంది.)

ఓటింగులో ఏ రేవూ నెగ్గలేదు, అధ్యక్షులు పెట్టిన ఈ తీర్మానం నెగ్గింది. అవతలి రేవు శివారుకు కూడా శివారు కాబట్టి, అక్కడికి ఈ సీజన్లో విడుదల లేదు. ఇవతలి రేవుకు తిరిగి రావడమంటే ప్రవాహం ఎగువకు నడవడమే కాబట్టి, అది పద్ధతి కాదు. కావున తదుపరి ఉత్తర్వుల వరకు బుల్లెమ్మను ఏటి మధ్యలోనే నిలిపి ఉంచడమైనది.

కిరీటి దాన్ని టైపు చేసి అడిగాడు. "దీన్ని కూడా కంకిపాడు మీదుగా వంతుల్లోనే వదలమంటారా అండీ?"

అధ్యక్షులు చిరాకుపడ్డారు. "ఇంత ముఖ్యమైన కాగితం వంతుల మీద వదిలితే ఎప్పటికి చేరుద్దయ్యా? అందరికీ ఒకేసారి కొట్టు."

కిరీటి ఆ బటన్ నొక్కాడు. నాగమల్లేశ్వరి ఎక్కిన బస్సు కంకిపాడు దాటకముందే తీర్మానం నాగాయలంక చేరింది. ఒక్క అక్షరం తగ్గలేదు.