మూసినా మూతపడని విండోలు

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. నవ్వినా చెబుతాననుకోండి, కడుపులో దాచుకోలేను.

మా ఇంట్లో కంప్యూటర్ ఒకటే, లాగిన్ కూడా ఒకటే. మా ఆవిడ టీచరు. గదిలోంచి బయటికి వెళ్తే ఫ్యాను, లైటు, కంప్యూటర్ వరసగా ఆపేస్తుంది. ఆ దెబ్బతో నేను తెరిచి పెట్టుకున్నవన్నీ గంగలో కలిసేవి.

నావేమో మూడు వర్క్‌స్పేసులు. ఒకే తెర వెనక మూడు గదులనుకోండి. మొదటి దాంట్లో ఆఫీసు లెక్కలు, రెండో దాంట్లో వార్తలు. మూడో దాంట్లో చెరువు మ్యాపు, వాతావరణం, గాలంగాడితో మెసేజిల చాటు. గాలంగాడంటే నా చిన్ననాటి స్నేహితుడు, చేపల పిచ్చోడు. ఆవిడ చెప్పుల చప్పుడు వినబడగానే ఒక్క మీట నొక్కి మొదటి గదిలోకి దూకేవాణ్ణి.

ఆ ఆదివారం చేపలకి వెళ్లి తీరాలని పట్టుబట్టాను. ఆవిడేమో వెనక గదికి రంగు వేసి తీరాలని పట్టుబట్టింది. మోకాలి ఆపరేషనయిన మా అత్తగారు సోమవారం వస్తున్నారు. నాకు ఆఫీసు పని ఉందని చెప్పాను. ఆవిడ సరేనంది. అంత తేలిగ్గా ఒప్పుకుంటేనే నాకు భయం.

శుక్రవారం సెట్టింగులన్నీ తవ్వి, లాగిన్ కాగానే పాతవన్నీ తెరిచే ఏర్పాటు పట్టుకున్నాను. చివరిసారి ఉన్నవి తెరవమనచ్చు, లేదా మనం సేవ్ చేసినవే ప్రతిసారీ తెరవమనచ్చు. రెండోదే గట్టిదనిపించింది. ఛాతీ విరుచుకుని సేవ్ నొక్కాను.

"ఇక నువ్వు ఎన్నిసార్లు ఆపినా ఎక్కడ వదిలానో అక్కడే మొదలవుతుంది," అన్నాను.

"ఏదీ పోదా?"

"పోదు."

"మంచిదే," అంది. ఎలా సేవ్ చేయాలో కూడా అడిగింది. గొప్పగా చూపించాను.

శనివారం పొద్దున ఆవిడ ప్రశ్నపత్రాలు ప్రింటు తీసుకుని గదిలోంచి వెళ్లాక నేను లాగిన్ అయ్యాను. మూడు గదుల సామానూ మొదటి గదిలోనే గుట్టపడింది. అన్నిటికంటే పైన గాలంగాడి చాటు, అందులో వాడికి నేను పెట్టిన మెసేజి: "ఆదివారం తెల్లారేసరికి వస్తా. ఇంట్లో ఆఫీసు పని అని చెప్పాను."

మూసేసి, మళ్లీ లాగిన్ అయ్యాను. మళ్లీ వచ్చింది. మ్యాపు మూస్తే మ్యాపు, చాటు మూస్తే చాటు. సేవ్ చేసినదాన్ని మార్చకుండా ఊరికే మూస్తే అదెందుకు పోతుంది? ఆ సంగతి తట్టక, మొండిగా సాయంత్రం దాకా దాంతో కుస్తీ పట్టాను. మధ్యలో ఆవిడ టీ తెచ్చి, ఇంకా ఆఫీసు పనేనా అని అడిగింది. అవునన్నాను. పాపం, బాగా అలిసిపోతున్నారంది.

ఆదివారం తెల్లవారకముందే, వాతావరణం చూసుకుని జారుకుందామని లాగిన్ అయ్యాను. చెరువు మ్యాపు మాయం. హమ్మయ్య అనుకునేలోగా ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. రంగుల కార్డు. గోడ గీకడం ఎలాగో చెప్పే వీడియో. చివర గాలంగాడి చాటు, అందులో వాడి జవాబు: "చెల్లెమ్మ ఫోన్ చేసింది. బ్రష్‌లు తెస్తున్నా. నువ్వు ఇంత అబద్ధాలకోరువి అనుకోలేదురా."

మూసేశాను. మళ్లీ లాగిన్ అయ్యాను. రంగుల కార్డు నా మొహం మీదే తెరుచుకుంది.

వెనక నుంచి ఆవిడ గొంతు. "ఎన్నిసార్లు మూసినా ఎక్కడ వదిలామో అక్కడే మొదలవుతుందన్నారుగా. నిన్న ప్రశ్నపత్రాలకి లాగిన్ కాగానే మీ చాటే ముందు పలకరించింది. అందుకే నేనూ సేవ్ చేశాను."

ఆవిడ కోప్పడి ఉంటే వాదించేవాణ్ణి.

"మా అమ్మ కర్ర పట్టుకుని నడుస్తోందండీ. పెచ్చులూడే గదిలో ఎలా పడుకోబెట్టను? అడిగితే మీరు వేస్తారనే అనుకున్నాను," అంది.

నిజంగా సిగ్గేసింది. గాలంగాడు వచ్చేసరికి సగం గోడ గీకి ఉంచాను. సాయంత్రానికి గది లేతపచ్చగా మెరిసింది, మేమిద్దరం కూడా లేతపచ్చగానే ఉన్నాం.

సోమవారం అత్తగారు గది చూసి, అల్లుడు బంగారమన్నారు. ఆ ఊపులో వెళ్లి లాగిన్ అయ్యాను. రంగుల కార్డు రాలేదు.

వంటింటి కుళాయి కారకుండా బిగించడం ఎలాగో చెప్పే వీడియో వచ్చింది.