పాపన్న నొక్కని బటన్

సింధూజ ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. మదనపల్లెలో తొలి బస్సెక్కి పుంగనూరులో దిగాలి, మేనమామ పాపన్నకు పరీక్ష పెట్టాలి, రెండు గంటల బస్సుకు కుప్పం పోవాలి. మెదడు చటుక్కున ఎలా నిర్ణయిస్తుందో లెక్కల్లో చెప్పే పరిశోధన ఆమెది. ఆ లెక్క ప్రకారం సాక్ష్యం బొట్టుబొట్టుగా రెండు కుండల్లో పడుతుంది. ముందు నిండిన కుండే నిర్ణయం. సాయంత్రం ఐదులోగా ఈ ఫలితాలున్న లాప్‌టాప్ కుప్పంలో గైడు ముందు పెట్టకపోతే ఈ ఏడాది సెమినార్‌లో ఆమె పేరుండదు.

తెర మీద తెల్లచుక్కలు తేలుతున్నాయి. ఎక్కువ చుక్కలు ఎటు పోతే అటు బటన్ నొక్కాలి. గడువు రెండు సెకన్లు; దాటితే మళ్లీ కొత్త చుక్కలు. నలభై ఏళ్లుగా గొర్రెలు కాస్తున్న పాపన్న గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

"నొక్కు మామా."

"ఉండమ్మా. కొన్ని యెనక్కి లాగతాండాయి. మంద ఇంకా కుదురుకోలేదు."

"అవి గొర్రెలు కాదు, చుక్కలు."

"ఏవైతేనేం. తొందరపెడితే బెదురుతాయి."

అత్త గంగులమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది. "ఆ మూల ఒకటి ఒంటిగా పోతాండాది. దాన్ని సూడు."

తెల్లటి మంద నల్లటి బయల్లో మెల్లగా సాగిపోయింది. చూస్తూ చూస్తూ సింధూజకూ ఎక్కడో మెడగంటలు వినిపించాయి. తేరుకునేసరికి ఒకటిన్నర. పాపన్న పేరు పక్కన వేలసార్లు 'సమయం మించింది' అని ఉంది.

"నీ కుండలు ఈ జన్మకు నిండవు మామా" అంటూ ఆమె బస్టాండుకు పరుగెత్తింది. పాపన్న తువ్వాలు దులుపుకుని వెనకే నడిచాడు.

రెండు బస్సులు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. జనం కిటికీల్లోంచి తువ్వాళ్లు విసిరి సీట్లు పట్టుకుంటున్నారు. సింధూజ దగ్గర తువ్వాలు లేదు. దగ్గరి బస్సు కిటికీలోంచి లాప్‌టాప్ సంచీని సీటు మీదికి జారవిడిచి తలుపు వైపు తోసుకుపోయింది. మెట్టు అందేలోగా తలుపు పడింది, బస్సు కదిలింది. మలుపులో వెనక బోర్డు కనిపించింది. మదనపల్లె.

"మామా, ఆటో పిలువు. నా బతుకంతా దాంట్లోనే ఉండాది."

పాపన్న గడ్డం కింద చెయ్యి పెట్టుకుని దుమ్ములోకి చూస్తున్నాడు.

"యాడికీ పోవద్దు. అదే వస్తాది."

"ఎందుకొస్తాది?"

అతను సిమెంటు బెంచీ మీదున్న అన్నం క్యారియర్‌ను చూపించాడు. "డ్రైవరు ఆడ పెట్టి మరిచి బస్సెక్కినాడు. అన్నం యాళకు తిరుక్కోని వస్తాడు."

ఐదు నిమిషాల్లో బస్సు తిరిగొచ్చింది. డ్రైవరు క్యారియర్ కోసం దిగాడు, సింధూజ సంచీ కోసం ఎక్కింది. పక్కన కుప్పం బస్సు కదలబోతోంది. అందులో ఒక కిటికీ సీటు మీద పాపన్న తువ్వాలు ఎప్పటినుంచో ఉంది.

"ఎప్పుడు వేసినావు మామా?"

"నువ్వు ఆ బస్సుకాడ తోసుకుంటాంటివే, అప్పుడు. బోర్డు సదివినాను."

దారిలో సగం నిద్రలో లాప్‌టాప్ తెరిచి, పాపన్న పేరు కింద సింధూజ తన పేరూ చేర్చింది: అర సెకను, తప్పు.