సాన్ యీ కోసం వండిన మొహింగా

ఆదివారం పొద్దున టిన్ జా అనుకున్నది చిన్న పనే. బజారుకు వెళ్లి వాలుగ చేపలు, అరటి దవ్వ తేవాలి. బియ్యపు సేమ్యా మీద చేపల చారు పోసి తినే మొహింగా వండాలి. సాయంత్రం సాన్ యీ బండి ఎక్కేలోపు తన చేత్తో ఒక గిన్నెడు పెట్టాలి. థాయ్‌లాండ్‌లో, ఈ మహాచాయ్‌లో రొయ్యలు ఒలిచింది చాలని సాన్ యీ బర్మాకు, సొంత ఊరికి వెళ్లిపోతోంది. ఇక రాదు. టిన్ జా కాన్పుకు తల్లిలా పక్కన నిలబడింది ఆమే, పసిదానికి నీళ్లు పోయడం నేర్పిందీ ఆమే. "మీ ఊరి మొహింగా ఎప్పుడు పెడతావే?" అని ఆమె అడిగినప్పుడల్లా టిన్ జా "వచ్చే ఆదివారం అక్కా" అంటూ వచ్చింది. పిల్లకు దగ్గని ఒక ఆదివారం, పళ్లొస్తున్నాయని ఒక ఆదివారం పోయాయి. ఇప్పుడు ఆదివారాలే అయిపోయాయి.

బజారుకు పక్కగది ఖిన్ లే తోడొచ్చింది. టిన్ జా ప్రతి చేపనూ ఎత్తి కళ్లు చూసింది, మొప్పలు చూసింది.

"ఇవేమన్నా పెళ్లిచూపులా? తీసుకో, ఎండెక్కుతోంది," అంది ఖిన్ లే.

చాలవేమోనన్న భయంతో టిన్ జా చేపలు రెట్టింపు కొంది. ఇంటికొచ్చాక గిన్నె చాలలేదు.

"నువ్వుండు, నేను తెస్తా," అని ఖిన్ లే పరుగెత్తి, తమ బర్మా వాళ్ల బౌద్ధ విహారం నుంచి గుండిగ మోసుకొచ్చింది. గదిలో అది పట్టలేదు. గుమ్మం ముందు, సందులోనే పొయ్యి పెట్టారు. గుండిగ పొట్ట మీద విహారం పేరు ఎర్రగా, సందు చివరికి కూడా కనబడేలా రాసి ఉంది.

విహారం గుండిగ వీధిలో ఉడుకుతోందంటే ఆ సందులో ఎవరికైనా ఒకటే అర్థం. ఎవరో నలుదిక్కుల దానం చేస్తున్నారు, దారిన పోయేవాళ్లందరికీ భోజనం. చారు పొంగు రాకముందే ఒక ముసలామె గిన్నెతో వచ్చి నిలబడింది.

"పిల్ల పేరు మీదేనా తల్లీ దానం? నూరేళ్లు చల్లగా ఉండాలి."

'కాదవ్వా' అన్న మాట టిన్ జా నాలుక చివరిదాకా వచ్చింది. దీవించాక కాదంటే ఆ దీవెన ఏమైపోతుంది? తిరగబడి పిల్లకే తగిలితే?

"అవునవ్వా. కూర్చో," అంది.

"నీకేమైనా మతి పోయిందా?" ఖిన్ లే గొణిగింది.

"ఒక్క అవ్వే కదే!"

ఆ ఒక్క అవ్వ మొహింగా తిని, వెళ్లేదారిలో గదిగదికీ చెప్పింది. కాసేపటికి వరుస సందు మలుపు దాటింది. అందరూ పిల్లను దీవించారు. దీవించినవాళ్లకు పెట్టకుండా ఎలా? ఖిన్ లే బియ్యపు సేమ్యా కోసం మళ్లీ బజారుకు పరుగెత్తింది. టిన్ జా చారులో నీళ్లు పోస్తూ, శనగపిండి కలుపుతూ, మళ్లీ నీళ్లు పోస్తూ ఉండిపోయింది.

అంతలో సాన్ యీ వచ్చేసింది. "నాకొక్క మాట చెప్పవా? నా చేతుల్లో పడిన పిల్ల పేరు మీద దానమైతే, నేను లేకుండానా?" అని గరిటె లాక్కుంది.

"అక్కా, ముందు నువ్వు తిను."

"వడ్డించేవాళ్లు ముందు తింటే ఇంకేం పుణ్యమే! చివర్లో తింటాలే."

టిన్ జా ఒక డబ్బా నిండా మొహింగా తీసి, మూతపెట్టి తలుపు వెనక దాచింది. "ఇది మాత్రం ఎవరికీ ఇవ్వకు," అని ఖిన్ లే చేత ఒట్టు వేయించుకుంది. అప్పుడే లోపల పిల్ల ఏడ్చింది. పక్కలో వేసుకుని పాలిస్తే నిద్రపోయింది. కదిలితే లేస్తుందేమోనని టిన్ జా ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ పడుకుంది.

బయటికొచ్చేసరికి గుండిగ బోర్లించి ఉంది. డబ్బా తెరిచి ఉంది.

"నేనివ్వలేదు! అక్కే ఇచ్చింది," అంది ఖిన్ లే ముందుగానే.

"ఆఖరున ఇతనొక్కడు మిగిలిపోయాడే," అంది సాన్ యీ. "పొద్దుట్నుంచి బండి తోలుతున్నాడట, ఏమీ తినలేదట. నీకోసం దాచుకున్నట్టున్నావు. నువ్వు రేపైనా వండుకోవచ్చుగా?"

అతను మూతి తుడుచుకుని సాన్ యీ సంచి అందుకున్నాడు. ఆమెను సరిహద్దుకు తీసుకెళ్లే డ్రైవర్ అతనే. "పదండి పదండి, అందరూ బండిలో కూర్చున్నారు."

టిన్ జా చెప్పులు లేకుండా బండి దాకా పరుగెత్తింది. "అక్కా, అసలు అది..."

సాన్ యీ కిటికీలోంచి ఆమె చెంప నిమిరింది. "నేను వెళ్లే రోజున ఎంత మంచి పని చేశావే! నా చేత ఊరందరికీ పెట్టించావు. ఏమీ తినకపోయినా కడుపు నిండిపోయింది."

దానం కాదు, వండింది నీకోసమే అని చెబితే ఆ నిండిన కడుపు ఖాళీ అవుతుంది. టిన్ జా నోరు మూసుకుంది. థాంక్స్ కూడా అందులోనే ఉండిపోయింది.

బండి కదులుతుంటే డ్రైవర్ తల బయటికి పెట్టాడు. "అంతా బాగుంది చెల్లెమ్మా, ఉప్పే కాస్త తగ్గింది!"

తగ్గే ఉంటుంది. టిన్ జా రుచి చూడలేదు.