చర్చి వాకిట్లో అయిదు నిమిషాలు

ఆ రోజుల్లో ఫోటో అంటే చిటికెలో పనా? కెమెరా పెట్టె మూతి మీది మూత తీసి అయిదు నిమిషాలు కాచుకోవాలి. కదలకుండా ఉన్నది గాజు పలక మీద నిలుస్తుంది, నడిచిపోయేది ఆనవాలు లేకుండా మాయమవుతుంది. ఆ కిటుకు ఫోటోల ఆయనకూ, ఆయన భార్యకూ తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు.

ఆ ఉదయం వాళ్లు తలపెట్టింది చిన్న పనే. పాత చర్చి చెక్కుడు వాకిలి బీటలిచ్చింది, మర్నాడే పడగొట్టేస్తారు. పొరుగూరి నుంచి రాబోయే మేస్త్రీ ఉన్నదున్నట్టు మళ్లీ కట్టాలంటే ఫోటో ఒక్కటే దిక్కు. ఇంట్లో మిగిలిన గాజు పలకా ఒక్కటే.

"జనం అడ్డమొస్తేనో?" అంది ఆవిడ.

"రానీ. ఆగకుండా నడవమను, చాలు."

ఆవిడ అంతమాత్రం చెప్పి ఊరుకుంటే బాగుండేది. మెట్ల దగ్గర నిలబడి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ కారణం కూడా విప్పి చెప్పింది. "నడిస్తే ఫోటోలో కనబడరు నాయనా. నిలబడ్డవాళ్లే కనబడతారు."

దర్జీ ఠక్కున ఆగిపోయాడు. "అయితే నిలబడితే నేనూ ఉంటానా అక్కా?"

"నీకెందుకయ్యా, నడువు."

"నడవను."

వెళ్లి వాకిలికి ఆనుకుని నిలబడ్డాడు. అతన్ని చూసి రొట్టెలాయన, ఆయన్ని చూసి ఆయన వియ్యపురాలు, ఆవిడ వెనక కుర్చీ మోసుకుంటూ కోడలు. ఫోటోల ఆయన మూత తీసి, గడియారం మీదే కళ్లు పెట్టుకుని లెక్కపెడుతున్నాడు. ఒక నిమిషమై తలెత్తేసరికి మెట్ల నిండా జనమే.

పరుగెత్తాడు. చేతులు పట్టి లాగాడు. ఒకరిని లాగితే ఆ చోట్లో ఇంకొకరు దూరారు.

"నడవండయ్యా, మీకు పుణ్యముంటుంది."

"ఇంకెంతసేపులే బావా, అడ్డం లే," అన్నాడు రొట్టెలాయన పెదవి కదపకుండా. ఊరంతా ఒకచోట ఊపిరి బిగబట్టి నిలబడింది ఆ ఒక్కసారే.

ఫోటోలో నలభై మంది వచ్చారు. పరుగులు పెట్టిన ఆయన మాత్రం రాలేదు.

"నా నోరే కొంప ముంచింది," అని ఆవిడ రెండు రోజులు ముద్ద ముట్టలేదు. మేస్త్రీ వచ్చేసరికి పాత వాకిలి రాళ్ల కుప్పయింది. ఆవిడే గుండె చిక్కబట్టుకుని ఫోటో పట్టుకెళ్లింది.

"వాకిలేదమ్మా?" అన్నారు ఫాదరుగారు.

"వీళ్ల వెనకాల ఉందండీ."

మేస్త్రీ మొహం మాత్రం వికసించింది. "తలల మీద కమానూ చెక్కుడూ కనబడుతున్నాయిగా. ఉత్త వాకిలే తీసి ఉంటే దాని ఎత్తెంతో నాకెట్లా తెలిసేది తల్లీ? వాకిలికి ఆనుకున్న ఈయన్ని పిలిపించండి, కొలుచుకుంటాను."

దర్జీని గోడకు నిలబెట్టి కొలిచారు. ఆ లెక్కనే కొత్త వాకిలి లేచింది. ఆవిడ ఆ పూట కడుపునిండా తిన్నది.

ఫోటో నాడు రెండు ఇటుకల మీద నిలబడ్డానని దర్జీ ఎవరితోనూ అనలేదు. కొత్త వాకిట్లోంచి పొడుగువాళ్లంతా తల వంచి లోపలికి రావడం చూసి, ఊళ్లో భక్తి పెరిగిందని ఫాదరుగారు సంతోషించారు.