పడసాలలో నీళ్లు

ఆ రోజు పొద్దున్నే ఓబుళేసు పెట్టుకున్న పని ఒక్కటే. ఇంటి ముందు గది, పడసాల గోడ మీద చెరువు బొమ్మ వేయించాలి. మధ్యాహ్నానికి పని ముగించి, సాయంత్రానికి దాని ముందు మంచం వాల్చుకుని పడుకోవాలి. అంతకుమించి ఆశ ఏమీ లేదు.

బత్తలపల్లె దగ్గరి ఆ చిన్న ఊళ్లో వేరుశెనగ మిల్లు గుమాస్తా అతను. రెండేళ్లుగా వానలు ముఖం చాటేసి మిల్లు మూతపడటంతో ఇంట్లోనే ఉంటున్నాడు. ఉంటున్నాడన్న మాటే గాని కూర్చుంటున్నాడని చెప్పలేము. మంచం ఆ మూల నుంచి ఈ మూలకు జరిపేవాడు. మేకులు పీకి మళ్లీ కొట్టేవాడు. మరుక్షణం వీధిలోకి పోయి ఆకాశం చూసి వచ్చేవాడు. భర్త తిరుగుడు చూసి చూసి నల్లమ్మకు తల తిరిగేది.

అలా తిరుగుతుండగా అతనికి చిన్ననాటి సంగతి ఒకటి గుర్తుకొచ్చింది. ఎనిమిదేళ్లప్పుడు నాయన బండెక్కి కణేకల్ వైపు పోయినప్పుడు ఒక పాత మేడలో మధ్యాహ్నం ఆగారు. ఆ మేడ నడవాలో గోడంతా చెరువు బొమ్మ. తామరలు, హంసలు, దూరంగా కొండలు. పిల్లవాడు చల్లటి నేల మీద నిద్రపోయి, లేచి, సగం మత్తులో మొహం కడుక్కుందామని గోడలో చెయ్యి పెట్టాడు. గోడకు తగిలి వేళ్లు కమిలిపోయాయి. అయినా అంత చల్లటి నిద్ర మళ్లీ ఎప్పుడూ పట్టలేదని అతని నమ్మకం.

“మా అమ్మగారింట్లో గోడలకు ఎర్రగా జాజు పూసి, పైన తెల్ల సున్నంతో గీతలు గీసేవాళ్లు,” అంది నల్లమ్మ. ఆమె పుట్టిల్లు గుమ్మఘట్ట. “పండగొస్తే మాయమ్మ పిండిలో చెయ్యి ముంచి గోడకు అచ్చులేసేది. గోడంటే అట్లుండాల. తాగేకి నీళ్లు లేవు గాని గోడకు చెరువంట!”

“నీ జాజు ఎండలో సూస్తే ఇంకా ఉడుకెత్తుతాదిమ్మే. నాది సూస్తే సల్లగుంటాది,” అన్నాడు ఓబుళేసు. అని, ధర్మవరం నుంచి యేసన్నను పిలిపించాడు.

యేసన్న బండ్లకు, అంగడి బోర్డులకు రంగులు వేసే మనిషి. ఈ ఊరికి రావడం అదే మొదలు. హంసను ఎప్పుడూ చూడలేదు గనుక మెడ పొడుగ్గా ఉన్న కోడిని వేశాడు. నీళ్ల దగ్గర మాత్రం ఓబుళేసు అతన్ని వదల్లేదు. బొమ్మకు దగ్గరగా పోయి చూశాడు, గుమ్మం దాకా వెనక్కి నడిచి చూశాడు, తల వంచి చూశాడు.

“ఇంకా లోతు గావాలప్పా. ఈడ మోకాలు దాకా గూడా లేదు.”

యేసన్న నీలిమందు మళ్లీ కలిపాడు. మధ్యాహ్నానికి చేతులు, చొక్కా, చెవులు నీలమయ్యాయి. ఇక ఓపిక లేక, నిచ్చెన కట్టుకునే తాడు భుజాన వేసుకునే ఆంజినప్ప టీ అంగడికి పోయి బెంచీ మీద కూలబడ్డాడు.

ఆంజినప్ప కొత్త మనిషిని ఎగాదిగా చూశాడు. ఒంటినిండా మరకలు, భుజాన తాడు. “యాడ పనప్పా?” అన్నాడు.

“ఓబుళేసన్న ఇంట్లో.”

“ఏమన్నా పడినాయా?” అని ఆంజినప్ప ఊరికే అడిగాడు. బావులు తవ్వేవాళ్లలా తాడు మోసుకొచ్చిన ప్రతి మనిషినీ ఆ కరువులో అందరూ అడిగే మాటే అది.

“నీళ్లా? పడినాయన్నా. పొద్దన్నుంచి నీళ్లే నీళ్లు. పడసాల్లో ఈ మూల నుంచి ఆ మూలకి. అయినా సాల్లేదంట ఆయప్పకు, ఇంకా లోతు గావాలంట!”

ఆంజినప్ప పోస్తున్న టీ గ్లాసు దాటి బల్ల మీదికి, బల్ల దాటి నేల మీదికి పోయింది. అతను గమనించలేదు. యేసన్న టీ తాగి, అంగడి వెనక వేపచెట్టు కింద తువ్వాలు పరుచుకుని పడుకునేసరికి ఊళ్లో సగం మంది కడవలు వెతుక్కుంటున్నారు.

ఆ ఊరి ఆడవాళ్లు ఏటి ఇసుకలో చెలమలు తోడుకుని, చెంబుతో నీళ్లు ఎత్తుకునేవాళ్లు. ఒక కడవ నిండాలంటే సగం పూట. కాబట్టి అందరికంటే ముందు మారెక్క రెండు కడవలతో వచ్చింది. ఊళ్లో ఏ వరుసలోనైనా మొదట ఆమే ఉంటుంది. నల్లమ్మ అరుగు మీద అలిగి కూర్చుని ఉంది.

“ఏమ్మే నల్లమ్మా, మీ ఇంట్లో నీళ్లు పడినాయంట, నిజమేనా?”

“పడినాయి తల్లీ. పొద్దన్నుంచి ఆ నీళ్లతోనే సస్తాండా.”

“తాగేకి బాగుండాయా?”

ఎగతాళి చేస్తోందనుకుని నల్లమ్మకు ఒళ్లు మండింది. “తాగేకా! లోపలుండాడు గదా మహారాజు, పొయ్యి ఆయప్పనే అడుగు.”

మారెక్క వెనక్కి తిరిగింది. అప్పటికి ఇరవైమంది చేరారు. “ఇన్నారామ్మా? దేవుడు ఇచ్చినా ఈ యమ్మ ఇయ్యదంట!”

సందడి విని ఓబుళేసు గుమ్మంలోకి వచ్చాడు. తనే నీలిమందు కలుపుతున్న చేతుల నుంచి నీలం నీళ్లు కారుతున్నాయి. తన చెరువును చూడటానికి ఊరంతా వచ్చిందని అతని గుండె పొంగింది.

“ఇప్పుడే వద్దమ్మా! ఇంకా తడి ఆరలేదు. రెండు దినాలాగి రండి, అందురికీ సూపిస్తా.”

“ఆరిపోయినాక ఏం సూసేదప్పా!” అని మారెక్క అతన్ని పక్కకు తోసింది. ఆమె వెనక ఇరవై కడవలు ఒకేసారి గుమ్మంలో ఇరుక్కున్నాయి. మూడు పగిలాయి. తక్కినవి లోపలికి వచ్చాయి.

పడసాలలో కడవలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. గోడ నిండా నీళ్లు. నీళ్ల మీద తామరలు, కోళ్లు. ముసలి సుంకమ్మ ఒక్కతే గోడ ముందు కూర్చుని, “ఎన్నేండ్లాయె చెరువు నిండింది సూసి,” అంది. ఆ మాటతో అందరికీ ఏడుపొచ్చింది. ఏడుపు వచ్చింది గనుక కోపం వచ్చింది.

“మా కడవలకు ఎవురు బదులప్పా?”

“నేను రమ్మన్నానా?” అన్నాడు ఓబుళేసు. ఈ గోల మధ్య బయట జీపు ఆగింది.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. ఊరి బయట కరువు పని కింద రోడ్డు వేస్తున్న కూలీలు నీళ్ల మాట విని గడ్డపారలతో సహా ఇటు వచ్చేశారు. తనిఖీకి వచ్చిన బ్లాకు ఆఫీసరుకు రోడ్డు మీద కంకర తప్ప మనిషి కనిపించలేదు. కారణం తెలిసి ఆయన కోప్పడలేదు, సంబరపడ్డాడు. నెల రోజులుగా పైవాళ్ల చేత తిట్లు తింటున్న మనిషి. చూసి చెబుదామన్న ఓపిక లేక తిన్నగా బత్తలపల్లె పోస్టాఫీసుకు పోయి, ధర్మవరంలో దిగి ఉన్న పెద్ద ఆఫీసరుకు ఫోను చేశాడు. తమ బ్లాకులో జలం పడిందని, అది తమ కృషి ఫలితమేనని చెప్పాడు. పెద్దాయన వెంటనే బయలుదేరుతున్నానన్నాడు.

ఇప్పుడు జీపు దిగి లోపలికొచ్చి బ్లాకు ఆఫీసరు గోడను చూశాడు. వేలితో తాకాడు. వేలు నీలమైంది.

“ఇదా జలం?”

“బొమ్మ సార్. సిన్నప్పుడు ఒక మేడలో సూసినా...”

“నేను పైకి చెప్పేశానయ్యా! ఆయన దారిలో ఉన్నాడు!” ఆఫీసరు చెమట తుడుచుకుంటే నుదురు కూడా నీలమైంది. చుట్టూ చూశాడు. కూలీలు, గడ్డపారలు, ఖాళీ వాకిలి. “తవ్వండి!”

“నా వాకిలి సార్!” అన్నాడు ఓబుళేసు. ఎవరూ వినలేదు. నల్లమ్మ తులసికోటను మాత్రం కావలించుకుని కాపాడుకుంది. నడుము లోతు తవ్వేసరికి బండ తగిలింది. గడ్డపార కొడితే నిప్పురవ్వలు వచ్చాయి. ఆఫీసరు గుంత అంచున అటూ ఇటూ తిరిగాడు. అటువైపు అంచున ఓబుళేసు ఇటూ అటూ తిరిగాడు. ఇద్దరూ ఎదురుపడినప్పుడల్లా ఒకరినొకరు తిట్టుకున్నారు.

ఎండ వాలుతుండగా రెండో జీపు వచ్చింది. పెద్ద ఆఫీసరు గోదావరి జిల్లాల మనిషి. అనంతపురం వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకు కంటినిండా నిద్ర లేదు. గుంత చూశాడు, బండ చూశాడు.

“ఏదయ్యా జలం?”

బ్లాకు ఆఫీసరు నుదుటి నీలం తుడుచుకుంటూ ఓబుళేసు వెనక్కి జరిగాడు. ఓబుళేసు ఇక దాచి లాభం లేదనుకుని, “లోపలుండాది సార్,” అన్నాడు.

పెద్దాయన పడసాలలోకి పోయాడు. ఎంతసేపటికీ బయటికి రాలేదు. ఉద్యోగం పోయిందని బ్లాకు ఆఫీసరు, ఇల్లు పోయిందని ఓబుళేసు అనుకున్నారు. చివరికి ఇద్దరూ తొంగి చూస్తే ఆయన మంచం మీద కూర్చుని గోడనే చూస్తున్నాడు.

“మా ఇంటెనకాల అచ్చం ఇలాగే ఉండేదయ్యా చెరువు. బళ్లోంచి రాగానే పుస్తకాలు గట్టున పారేసి దూకేవాళ్లం. ఆ హంసలే కాస్త కోళ్లలా ఉన్నాయిగాని, నీళ్లు మాత్రం మా ఊరివే.” తల తిప్పి గుమ్మం దగ్గర ఖాళీ కడవలతో నిలబడ్డ ఆడవాళ్లను చూశాడు. “వీళ్లంతా దీన్ని చూసి నీళ్లనుకున్నారా?”

ఆయన తల దించుకున్నాడు. ఊరి పల్లంలో ప్రభుత్వ బావి తవ్వించమని అక్కడే హుకుం ఇచ్చాడు. ఆ పని పూర్తయ్యేదాకా తన క్యాంపు ఈ పడసాలలోనే అన్నాడు. అని చెప్పులు విడిచి, ఓబుళేసు మంచం మీద పడుకుని, ఆ క్షణమే గురక పెట్టాడు.

ఆ సాయంత్రమే ఓబుళేసు, నల్లమ్మ గొడ్ల కొట్టంలోకి మారారు. బావి పని నెలలు సాగింది. వారానికి నాలుగు రోజులు పెద్దాయన వచ్చి, చెరువు ముందు చల్లగా నిద్రపోయి వెళ్లేవాడు. తక్కిన మూడు రోజులూ పడసాలకు తాళం. ఓబుళేసు కిటికీలోంచి తన చెరువును చూసుకునేవాడు.

చివరికి ఒక మిట్టమధ్యాహ్నం బావి తవ్వే ఈరన్న ఒళ్లంతా బురదతో వీధిలో పరుగెత్తుకొచ్చాడు. “నీళ్లు పడినాయి! నీళ్లు పడినాయి!”

అరుగుల మీద కూర్చున్నవాళ్లు ఒక్కరూ కదల్లేదు. మారెక్క తలైనా ఎత్తకుండా, “ఏ గోడకప్పా?” అంది.

కొట్టంలో కాలు నిలవక తిరుగుతున్న ఓబుళేసు మాత్రం కడవ తీసుకుని బయలుదేరాడు. ఆ కరువులో వరుసలో నిలబడకుండా కడవ నింపుకున్నవాడు ఊళ్లో అతనొక్కడే.